గుడి గోడ మీద ఊరి దస్తావేజు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు పాత గుడుల గురించే అడిగాయి. ఒకదాని జవాబు మరొకదానికి అవసరమయ్యేలా ఉన్నందున నాలుగింటినీ ఒకేచోట ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మాది జలుమూరు మండలంలో శ్రీముఖలింగానికి దగ్గరి ఊరు. శివరాత్రి తరవాత చక్రతీర్థ స్నానానికి ఏటా పిల్లలను తీసుకువెళ్తాము. గుడి ఎప్పటిదని పిల్లలు అడిగితే పెద్దలలో ఒకరు ద్వాపరయుగం అంటారు, ఒకరు ఎనిమిదో శతాబ్దం అంటారు, చోడగంగు కట్టించాడని ఇంకొకరు అంటారు. బడిలో పాఠం చెప్పేదాన్ని కాబట్టి నేను ఏది చెప్పాలి? మన గుడి చూడటానికి భువనేశ్వరం గుడుల్లా ఎందుకుంటుంది?
— ఒక ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, గుడి వయసు ఒక్క అంకెలో చెప్పగలిగేది కాదని పిల్లలకు ముందుగా చెప్పండి. దేవుడు వెలసిన కాలం భక్తుల విశ్వాసానికి సంబంధించిన మాట. మూలగుడి కట్టిన కాలం, దానికి మండపాలూ చిన్న గుడులూ చేరిన కాలం, గోడల మీద శాసనాలు చెక్కిన కాలం వేరువేరు. మీరు విన్న మాటలు పొంతన లేకుండా పోవడానికి కారణం, ఒక్కొక్కరు వీటిలో ఒక్కొక్క దాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడటమే.

కట్టించినవారి గురించి మనకున్న ప్రధానమైన సాక్ష్యం గుడి గోడ మీద లేదు, రాగిరేకుల మీద ఉంది. అనంతవర్మ చోడగంగదేవుడు శకవర్షం 1040లో, అంటే క్రీ.శ. 1118లో, వేయించిన తామ్రశాసనం గంగరాజుల వంశచరిత్రను మొదటినుంచీ చెబుతూ, దానార్ణవుని కుమారుడైన కామార్ణవుడు యాభై ఏళ్లు ఏలాడనీ, అతని పట్టణం పేరు నగరమనీ, అక్కడ శివలింగానికి ఎత్తైన ఆలయం కట్టించాడనీ, ఆ లింగం మధూకవృక్షం నుంచి పుట్టింది కనుక మధుకేశుడని పేరు పెట్టాడనీ వివరిస్తుంది. మధూకం అంటే మన ఇప్పచెట్టే. నేటికీ మీ ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఇప్పచెట్టు కథ తొమ్మిది వందల ఏళ్ల కిందటి రాజశాసనంలో ఉందని తెలిస్తే పిల్లలకు ఒళ్లు పులకరిస్తుంది. నాకు ఇప్పటికీ పులకరిస్తుంది. అయితే ఈ కామార్ణవుడు చోడగంగుకు ఎన్నో తరాల ముందటివాడు కాబట్టి, ముత్తాతల నాటి సంగతి మునిమనుమడు చెప్పినట్లుగా ఆ మాటను గౌరవంతోనూ జాగ్రత్తతోనూ తీసుకోవాలి. శిల్పరీతిని బట్టి చూసినవారు మధుకేశ్వరాలయాన్ని ఎనిమిది నుంచి పదో శతాబ్దం లోపు ఉంచుతారు. కాబట్టి చోడగంగు దీన్ని కట్టించలేదు. పురి జగన్నాథాలయ నిర్మాణం ఆరంభించిన చోడగంగు పేరు గొప్పది కావడంతో, చుట్టుపక్కల పాత గుడులన్నీ అతని ఖాతాలోకి వెళ్లిపోయాయి.

ఇక గోడల మీది శాసనాల సంగతి. ఒక శాసనంలో శకవర్షం దొరికితే, ఆ ఏటికి గుడి ఉందని మాత్రమే రుజువవుతుంది. ఆ ఏడే కట్టారని కాదు. ఈ తేడా గుర్తించకపోవడం వల్లనే చాలా స్థలపురాణ పుస్తకాలు తప్పుదారి పట్టాయి.

శకవర్షాన్ని ఎలా చదవాలో ఒక ఉదాహరణతో చూపిస్తాను, తరగతిలో మీకు పనికొస్తుంది. నరసన్నపేట ప్రాంతంలోని నడగాంలో దొరికిన రాగిరేకులలో గంగరాజు వజ్రహస్తుని పట్టాభిషేక కాలం ఇలా మొదలవుతుంది: "వియదృతునిధిసంఖ్యాం యాతి శాకాబ్దసంఘే". ఇందులో అంకెలు లేవు, మాటలే ఉన్నాయి. వియత్తు అంటే ఆకాశం, శూన్యం, కాబట్టి 0. ఋతువులు 6. నిధులు 9. అంకెలు కుడినుంచి ఎడమకు నడుస్తాయని మన పెద్దల నియమం కనుక 0, 6, 9 అని విన్నదాన్ని 960 అని రాసుకోవాలి. దానికి 78 కలిపితే 1038. చోడగంగు పట్టాభిషేకం చెప్పే శ్లోకం ఇంకా అందంగా "శాకాబ్దే నందరంధ్రగ్రహగణగణితే" అంటుంది. నందులు తొమ్మిదిమంది, శరీరంలో రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది; వెరసి శకం 999. ఇక్కడ 78 కలిపి 1077 అంటే పొరపాటవుతుంది. ఎందుకంటే అదే శ్లోకం సూర్యుడు కుంభరాశిలో ఉన్నాడని చెబుతోంది. శకసంవత్సరం చైత్రంలో మొదలవుతుంది కాబట్టి కుంభమాసం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండరులో ఏడు మారిపోయి ఉంటుంది. శుక్లపక్ష తదియ, శనివారం, రేవతి నక్షత్రం అని శాసనం ఇచ్చిన ఆనవాళ్లన్నీ 1078 ఫిబ్రవరికి సరిపోతాయి.

నడగాం రేకులను చదివి ప్రకటించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమం వల్ల, సవరభాషకు చేసిన సేవ వల్ల ఆయన పేరు అందరికీ తెలుసు గానీ, 1863 ఆగస్టు 29న ఆయన పుట్టిన పర్వతాలపేట ముఖలింగానికి సమీపంలోనే ఉందనీ, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ శాసనలిపులను సొంతంగా నేర్చుకున్నారనీ, గంగరాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారనీ తెలిసినవారు తక్కువ. కళింగపట్నమే ఆ రాజధాని అన్నవారు కూడా ఉన్నారు. నాకు మాత్రం గిడుగువారి వాదమే బలంగా కనిపిస్తుంది. మీ మండలంలో పిల్లలకు చరిత్ర చెప్పే మీరు ఆయన పేరు చెప్పకుండా ఆ పాఠం ముగించవద్దని నా మనవి.

భువనేశ్వరం పోలిక గురించి అడిగారు. ఇప్పటి రాష్ట్ర సరిహద్దు మనసులో ఉండటం వల్ల ఆ ప్రశ్న వస్తుంది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ముఖలింగం పర్లాకిమిడి జమీందారీలో, గంజాం జిల్లాలో ఉండేది. అంతకు వందల ఏళ్ల ముందు వంశధార నుంచి మహానది దాకా పనిచేసిన శిల్పులది ఒకే సంప్రదాయం; దాన్నే కళింగరీతి అంటారు. దక్షిణాది విమానంలో అంతస్తులు ఒకదానిపై ఒకటి తలాలుగా కనిపిస్తాయి. కళింగరీతి రేఖాదేవళంలో అలా కాదు. నేలనుంచి లేచిన గోడ కొంత ఎత్తు నిటారుగా వెళ్లి, అక్కడినుంచి లోపలికి మెల్లగా వంగుతూ ఒకే గీతగా శిఖరాన్ని చేరుతుంది. నిటారు గోడను బాడ అంటారు, వంగే భాగాన్ని గండి అంటారు, పైనున్నది మస్తకం. బాడలోనే అడుగుభాగానికి పాభాగమనీ, దాని పైదానికి జంఘ అనీ, మస్తకం కింద సన్నబడిన చోటికి బెకి, అంటే మెడ అనీ, పైన బోర్లించిన రాతికి ఖపురి, అంటే పుర్రె అనీ పేర్లు. పాదం, పిక్క, మొండెం, మెడ, తల: శిల్పి దృష్టిలో గుడి నిలబడి ఉన్న మనిషి. మెడకు పైన, పుర్రెకు కింద నొక్కులు నొక్కులుగా ఉన్న గుండ్రటి రాయి అమలకం. ఉసిరికాయను చేతిలో పెట్టుకుని చూస్తే ఆ నొక్కులు ఎక్కడివో వేరే చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ పిల్లలకు చూపించడానికి మధుకేశ్వరాలయం కంటే ఊరి మొదట్లోనే ఉన్న సోమేశ్వరాలయం మేలు. దానికి ముందు మండపం లేదు కాబట్టి పాదం నుంచి తల దాకా దేవళం మొత్తం అడ్డులేకుండా కనిపిస్తుంది. మధుకేశ్వరంలో ప్రాకారం, చుట్టూ చిన్న గుడులు, ముందు మండపం ఉండటంతో కొత్తవారి చూపు చెదిరిపోతుంది. పిల్లలకు ఇంకొక పని కూడా అప్పగించండి. కళింగ గుడుల ద్వారబంధం మీది దూలపురాతిపై గ్రహాలను వరసగా చెక్కుతారు. భువనేశ్వరంలోని పరశురామేశ్వరంలో అవి ఎనిమిదే, కేతువు లేడు. తరవాతి కాలపు ముక్తేశ్వరంలో తొమ్మిది ఉన్నాయి. మధుకేశ్వరం, సోమేశ్వరం, భీమేశ్వరం అనే మీ మూడు గుడుల ద్వారాల మీద ఎన్ని ఉన్నాయో పిల్లల చేత లెక్కపెట్టించండి. పురాతత్త్వవేత్తలు గుడి కాలాన్ని అంచనా కట్టే దారులలో అదొకటి.

ప్రశ్న: మా కళాశాల తరఫున శ్రీకూర్మం వెళ్లాము. అక్కడి స్తంభాల మీది శాసనాలలో ఎక్కువ భాగం ఫలానావారు అఖండదీపానికి ఇంత ఇచ్చారనే ఉంటుందని చెప్పారు. యుద్ధాలూ రాజ్యాలూ లేని ఈ దీపాల లెక్కలో చరిత్ర ఏముంది?
— డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: నాయనా, యుద్ధం గురించి రాజు చెప్పుకునే మాటలో అతిశయోక్తి ఉంటుంది. దీపం గురించి దాత చెక్కించిన మాటలో లెక్క ఉంటుంది. ఒక దీపం పగలూ రాత్రీ ఆరకుండా వెలగాలంటే రోజూ నెయ్యి కావాలి. దాత నెయ్యి ఇవ్వడు. ఇన్ని మాడలో (ఆనాటి బంగారు నాణేలు), ఇన్ని పశువులో ఇస్తాడు. ఆ సొమ్మును లేదా మందను ఒకరు తీసుకుని, అసలు చెడకుండా చూసుకుంటూ, రాబడి నుంచి రోజుకింత నెయ్యి గుడికి కొలవాలి. కొడుకులూ మనుమలూ ఆ బాధ్యత మోయాలి. ఇదంతా రాతి మీద రాసుకున్న ఒప్పందం. దాత పేరు, ఊరు, వృత్తి, ఆనాటి నాణెం పేరు, కొలమానం పేరు, పుచ్చుకున్నవారి పేరు అందులో ఉంటాయి. రాజచరిత్రలో ఎక్కడా కనిపించని వర్తకులు, ఉద్యోగులు, స్త్రీలు ఇక్కడ తమ పేర్లతో నిలబడతారు. చోడగంగు రాణులలో కొందరి పేర్లు మనకు దీపదానాల వల్లనే తెలిశాయి. తెలుగు మాట ఆ శతాబ్దంలో ఏ రూపంలో ఉండేదో తెలుసుకోవడానికీ ఈ లెక్కలే ఆధారం, ఎందుకంటే సంస్కృత ప్రశస్తి ముగిసి దానం వివరాలు వచ్చేచోట శాసనం తరచుగా తెలుగులోకి దిగుతుంది.

శ్రీకూర్మంలో దీపాలకు మించినవీ ఉన్నాయి. శకం 1203, అంటే 1281 నాటి శాసనం ఒకటి, మధ్వాచార్యుల శిష్యుడైన నరహరితీర్థులు కూర్మనాథుని గుడి ఎదుట యోగానంద నరసింహునికి ఆలయం కట్టించారని చెబుతుంది. కర్ణాటకలో పుట్టిన ద్వైతమతం కళింగానికి ఎలా చేరిందో చెప్పే పత్రం అది. మళ్లీ వెళ్లినప్పుడు దాని కోసం అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో ఉద్యోగం చేస్తూ ఒక పల్లెలో ఉంటున్నాడు. ఆ ఊరి చర్చి ఎనిమిది వందల ఏళ్ల నాటిదట. ఫొటోలు పంపాడు. తలుపు పైన కమాను గుండ్రంగా ఉంది, కిటికీల కమానులు మాత్రం మొనదేలి ఉన్నాయి. లోపల గోడలు తెల్లగా ఉండగా, ఒకచోట మాత్రం వెలిసిపోయిన రంగుల బొమ్మలు కనిపిస్తున్నాయి. ఒకే కట్టడంలో ఇన్ని తీర్లు ఎందుకు? మన సరిపల్లి దిబ్బేశ్వరుని గుడి కూడా అంత పాతదే కదా, రెండింటికీ పోలిక ఏమైనా ఉందా?
— విశ్రాంత ఉద్యోగి, విజయనగరం

జవాబు: మీ అబ్బాయి పంపిన ఫొటోలలో ఆ ఊరి చరిత్ర ముప్పాతిక వంతు ఉంది. నార్మన్లు 1066లో ఇంగ్లండును గెలిచిన తరవాత నూరేళ్లలో అక్కడి పల్లెల్లో రాతి చర్చిలు విరివిగా లేచాయి. చోడగంగు ఏలుబడి కూడా సరిగ్గా ఆ కాలమే. గుండ్రటి కమాను నార్మన్ పనితనానికి గుర్తు కాబట్టి తలుపు పన్నెండో శతాబ్దానిది అయ్యుండాలి. మొనదేలిన కమాను ఆ శతాబ్దం చివర్లో అక్కడ వాడుకలోకి వచ్చింది. కనుక కిటికీలు తరవాత పెట్టినవి. మొనదేలిన కమానులో ఒక సౌకర్యం ఉంది. గుండ్రటి కమాను అర్ధవృత్తం కావడంతో వెడల్పు ఎంతో ఎత్తు అందులో సగమే వస్తుంది. మొన ఉన్నదానికి ఆ కట్టుబాటు లేదు, అదే వెడల్పు మీద కావలసినంత ఎత్తుకు లేపవచ్చు.

మన కళింగ శిల్పులు గుడి కప్పుకు కమాను వాడలేదు. ఒక వరస రాయి మీద ఇంకొక వరసను కొద్దిగా లోపలికి జరిపి, దానిమీద మరొకదాన్ని మరికొంత జరిపి, నాలుగు వైపులనుంచీ దగ్గరకు తెచ్చి చివర పలకలతో మూసేవారు. లోపలికి జరిగిన రాయి పడిపోకుండా వెనక వైపు ఉన్న బరువు దాన్ని నొక్కిపట్టి ఉంచుతుంది. ఈ పద్ధతిలో ఎంత ఎత్తైనా లేపవచ్చు గానీ లోపలి వెడల్పు పెంచడం కష్టం. గర్భగుడి చిన్నదిగా, చీకటిగా ఉండటానికి ఆగమంతో పాటు ఈ కట్టుబాటు కూడా కారణమని నా అభిప్రాయం. చర్చిలో ఊరంతా లోపల కూర్చుని ప్రార్థన చేయాలి కాబట్టి వారికి వెడల్పు కావలసివచ్చింది. మనకు దర్శనం ఒక్కొక్కరిది, ఊరు చేరేది మండపంలోనూ ప్రాకారంలోనూ.

పోలికలు మరోచోట ఉన్నాయి. మన ప్రాంతంలో క్రైస్తవులు ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లను విచారణ అంటారు కదా, ఆ ఏర్పాటు మధ్యయుగపు ఐరోపాలోనే స్థిరపడింది. చాలా చోట్ల ఊరి భూస్వామే మొదట చర్చి కట్టించేవాడు. పంటలో పదోవంతు, దశమభాగం, చర్చికి చేరేది. బలిపీఠం ఉన్న తూర్పు భాగం మరమ్మతు దశమభాగం పుచ్చుకునే గురువుది, జనం నిలబడే పెద్దగది మరమ్మతు ఊరివారిది. ఈ పంపకం వల్ల, ఒకే చర్చిలో తూర్పు భాగం శిథిలమై పెద్దగది కళకళలాడటం, లేదా దానికి తలకిందులుగా ఉండటం కనిపిస్తుంది. ఊరు పెరిగితే పక్కగోడ తొలిచి స్తంభాలు నిలిపి మరో వరస కలిపేవారు. దీనివల్లనే మీరన్న ఇన్ని తీర్లు. మన గుడులకు మండపాలు చేరిన తీరు కూడా ఇదే. మీ దిబ్బేశ్వరుని గుడికి వెళ్లినప్పుడు గోడల అతుకులను వేళ్లతో తడిమి చూడండి. రెండు కాలాల రాతివరసలు కలిసేచోట వరస ఎత్తు తప్పుతుంది, నిలువు గీత ఒకటి కిందిదాకా తిన్నగా దిగుతుంది.

తెల్లగోడ మీద బొమ్మల సంగతి చెప్పి ముగిస్తాను. మధ్యయుగంలో ఆ గోడలన్నీ బొమ్మలతో నిండి ఉండేవి. చదువురాని జనానికి చివరి తీర్పు దృశ్యం ముందువైపు కమాను పైన కనిపించేలా వేసేవారు. పదహారో శతాబ్దపు మతసంస్కరణలో, ముఖ్యంగా 1547లో ఆరో ఎడ్వర్డు రాజయ్యాక, విగ్రహారాధన అంటూ వాటిమీద సున్నం కొట్టించారు. మూడు వందల ఏళ్ల తరవాత చర్చిలకు మరమ్మతులు చేస్తుంటే ఆ సున్నం కింద బొమ్మలు బయటపడ్డాయి. చెరిపేయడానికి వేసిన సున్నమే వాటిని కాపాడింది.

ప్రశ్న: మా ఊరి శివాలయం జీర్ణోద్ధరణకు కమిటీ వేశాము. స్తంభాలకు తరతరాలుగా కొట్టిన సున్నం అట్టలు కట్టి ఉంది. ఇసుక పేల్చే యంత్రంతో శుభ్రం చేసి ఎనామెల్ రంగులు వేయిస్తామని కాంట్రాక్టరు అంటున్నాడు. రెండు స్తంభాల మీద ఏవో గీతల్లా కనిపిస్తున్నాయి. ఏమి చేయమంటారు?
— కమిటీ సభ్యుడు, విజయనగరం జిల్లా

జవాబు: అయ్యా, ఈ ఉత్తరం చదివాక ఆ రోజే జవాబు రాసి విడిగా పంపాను, ఇతర ఊళ్ల కమిటీలకూ అవసరం కనుక ఇక్కడ కూడా ఇస్తున్నాను. ఆ యంత్రాన్ని గుడి ఆవరణలోకి రానివ్వకండి.

పై జవాబులో చెప్పినట్టు సున్నం అక్షరాన్ని కప్పుతుంది, చంపదు. ఇసుక పేల్చితే రాతి పైపొరే ఎగిరిపోతుంది. శాసనాక్షరం లోతు చాలా చోట్ల గోటిమందానికి మించదు. ఆ గోటిమందమే పోతే ఇక మిగిలేది బోడి స్తంభం. కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో అలా శుభ్రం చేసిన మండపానికి నన్ను పిలిచారు. స్తంభాలు కడిగిన పళ్లేల్లా మెరుస్తున్నాయి. యంత్రం గొట్టం అందని ఒక మూలలో, స్తంభం అడుగున, "శకవర్షంబు" అన్న మాటా, దాని పక్కన ఒక అంకె మొదటి వంపూ మిగిలి ఉన్నాయి. మిగతా పాఠం ఎవరి దగ్గరా అచ్చు తీసి లేదు. కమిటీలోని పెద్దాయన ఆ మాట మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయారు. వారు చేసింది భక్తితోనే. వారికి ముందుగా చెప్పినవారు లేరు.

మీరు చేయవలసింది కష్టమైన పని కాదు. చీకటి పడ్డాక ఒక టార్చిలైటును స్తంభానికి ఎదురుగా కాకుండా పక్కనుంచి, వెలుతురు రాతిని రాసుకుంటూ పోయేలా పట్టుకోండి. అక్షరాలుంటే ప్రతి గీతకూ నీడ పడి, పగలు కనిపించనివి కనిపిస్తాయి. అలాగే ఉంచి, నాలుగు వైపులా, ప్రతి అడుగుకూ ఒకటి చొప్పున ఫొటోలు తీయండి. ఏ స్తంభం, ఏ దిక్కు ముఖం అన్నది వెంటనే రాసిపెట్టుకోండి. ఆ ఫొటోలను పురావస్తు శాఖకూ, దగ్గరలోని విశ్వవిద్యాలయ చరిత్ర విభాగానికీ పంపి, శాసనం అచ్చు తీయడానికి మనిషిని పంపమని రాతపూర్వకంగా అడగండి. అచ్చు తీసేవారు రాతిని నీళ్లతో తుడిచి, తడిపిన కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి అక్షరాల గుంతల్లోకి కాగితం దిగేలా చేసి, పైన సిరా అద్దుతారు. గుంతలు తెల్లగా, మిగతాది నల్లగా వచ్చి శాసనం చదవడానికి సిద్ధమవుతుంది. ఈ పనిలో రాతికి ఏ హానీ జరగదు. సున్నం తీయవలసివస్తే ఉలి, ఆసిడ్, గ్రైండర్ ఏవీ వాడకుండా, ఆ పని తెలిసినవారి చేతనే తీయించాలి.

మీ గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల జాబితాలో ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే 1958 నాటి చట్టం వర్తిస్తుంది. 2010 సవరణ ప్రకారం దాని చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. జాబితాలో లేకపోతే దేవాదాయ శాఖ అనుమతి ఉందో లేదో కాంట్రాక్టరును అడగండి. ఎనామెల్ రంగు రాతిలోని తేమను బయటికి పోనివ్వదు, కొన్నేళ్లకు రాయి పొరలుగా విడిపోతుంది. గుడి కళగా కనిపించాలన్న కోరిక ఉంటే ద్వారాలకూ గ్రిల్లులకూ వేయించండి, రాతిని వదిలేయండి. యంత్రానికి ఇచ్చిన బయానా తిరిగి రాకపోయినా ఫరవాలేదు. ముందు ఆ రెండు స్తంభాల ఫొటోలు తీయించి మాకొక ప్రతి పంపండి. చదవగలిగినంత చదివి వచ్చే సంచికలో మీ ఊరి పేరుతోనే ప్రకటిస్తాము.